ధనుష్కోటిలో ఒక చెలమ



గడచిన మాసము ఈ పుటలలో వేసవి యూరగాయలనుగూర్చి ముచ్చటించుచు, సెలవులలో సేతుయాత్రకు పోవుచున్నామనియు, వచ్చిన వెనుక ఆ విశేషములు విన్నవింతుమనియు మాట యిచ్చితిమి. పోయి వచ్చితిమి. రామనాథస్వామి యాలయమునుగూర్చియు, అందలి యిరువదిరెండు తీర్థములనుగూర్చియు మీలో ననేకులు మాకంటె నెక్కువ యెరుగుదురు. కావున ఆ సంగతి విడిచి, స్నానములు దర్శనములు ముగిసిన మరునాడు ఒక వ్యానులో కూర్చుండి, ఒక గైడు వెంట ఆ దీవి తీరమంతయు నొక్క పగటిలో చుట్టి వచ్చిన వైనము మాత్రము వ్రాయుదుము.

రామేశ్వరము దీవి యని పుస్తకమున చదువుట వేరు. రైలు నడిసముద్రమున పోవుచుండగా కిటికీనుండి క్రిందికి చూచుట వేరు. ప్రక్కప్రక్కన రెండు రైలు వంతెనలు కనబడెను. పాతది 1914వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన తెరచినది. రెండు కిలోమీటర్లకు పైబడిన పొడవు. ఓడ వచ్చినపుడు దాని నడిమి భాగము రెండు రెక్కలుగా చీలి పైకి లేచెడిది. ఆ రెక్కలను మనుష్యులే చేతులతో త్రిప్పి లేపెడివారు. 2022 డిసెంబరులో దానిపై రైళ్లు నిలిపివేసిరి. క్రొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6వ తేదీన తెరచిరి. దీని నడిమి తునక 72.5 మీటర్లది. అది చీలదు, బావిలోనుండి చేద వచ్చినట్లు నిలువుగా 17 మీటర్లవరకు పైకి పోవును. మా అత్తగారు మాత్రము వంతెన దాటునంతసేపు కన్నులు మూసికొని రామనామము జపించుచుండిరి గాన, ఆమెకు రెండు వంతెనలును ఒక్కటియే.

వ్యానులో పండ్రెండుగురము. మేమును, మావారును, అత్తగారును గాక గుంటూరు జిల్లానుండి వచ్చిన రెండు కుటుంబములు, హైదరాబాదునుండి వచ్చిన యొక క్రొత్తజంట. గైడు రామేశ్వరమువాడే; ముప్పదియైదేండ్ల వాడు. యాత్రికులవలన నేర్చిన తెలుగు. ఎక్కడ బండి నిలిచినను మొదట వచ్చెడి మాట యొక్కటే: "అమ్మా, ఇక్కడ ఇరవై నిమిషాలు." పగలు గడచునప్పటికి పిల్లలందరును ఆ మాటనే ఆటగా పాడసాగిరి.

గంధమాదన పర్వత మని పేరేగాని అది మన యూళ్లలోని మిట్టకంటె గొప్పది కాదు. అయినను దీవిలో నదియే యెత్తు. పైనుండి చూచిన నలుదిక్కుల సముద్రమును, నడుమ తుమ్మచెట్లును, దూరమున గోపురమును కనబడును. అచ్చటినుండి విల్లూండి తీర్థమునకు పోతిమి. సముద్రములోనికి కొంతదూరము కాలిదారి కట్టి, దాని చివర నొక బావిని కాపాడినారు. చుట్టును ఉప్పునీరు; బావిలో మంచినీరు. సీతమ్మకు దప్పిక కాగా రాములవారు వింటికొనను నేలకు గ్రుచ్చి ఈ నీటిని రప్పించిరని స్థలపురాణము. అత్తగారు పుక్కిట పట్టి చూచి, "కొంచెము జవురు, అయినా తాగవచ్చు" అనిరి. ఆమె నీటి రుచి చెప్పుటలో పొరబడుట మే మెరుగము. చిన్ననాడు పెన్న యొడ్డున తాడిపత్రి చెంత పెరిగిన మనిషి. ఎండిన ఏటిలో తోడిన నీటితో ఇల్లు గడుపుకొన్న వారికి నీరు ఒక్క రుచి గాదు, పది రుచులు. ఈ మాట ముందు పనికి వచ్చును గాన ఇచ్చట చెప్పితిమి.

పేయ్ కరుంబు అను చోట మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారి స్మారక మందిరమున్నది. 1931లో ఈ దీవిలోనే పుట్టిన ఆయనకు 2017 జులై 27వ తేదీన దీనిని తెరచినారు. తమ బడిపిల్లలకు చూపుటకని ప్రతి వస్తువునకును ఫొటో తీయుచు, ఇరువది నిమిషముల గడువు దాటించిన మొదటి యపరాధి మావారే.

అటుపిమ్మట పాంబనులో, మోటారు బండ్లు పోవు వంతెనమీద నిలిపిరి. దిగువన కట్టివేసిన మరపడవలు వరుసలు తీరి యుండెను. ఏప్రిల్ నడిమినుండి జూను నడిమివరకు 61 దినములు చేపలు గ్రుడ్లు పెట్టుకాలమని వానిని సముద్రములోనికి పోనీయరు. గైడు దక్షిణపువైపు చేయి చూపి, "అది చిన్నపాలం, పాచి తీసే ఆడవాళ్ల ఊరు" అని చెప్పి ముందుకు నడువబోయెను. మేము వాని నాపి అడిగితిమి. మనము పాలలో కాచి మిఠాయి చేయు చైనాగ్రాసు ఎక్కడ పుట్టునో మనలో నెందరు విచారించితిమి? ఈ మన్నారు సింధుశాఖలోని రాళ్లకు పట్టిన సముద్రపు పాచియే అందులకు ముడిసరకు. స్త్రీలు వ్రేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకొని, కండ్లకు అద్దములు పెట్టుకొని, నీట మునిగి దానిని చేతితో గిల్లి తెత్తురు. అచ్చటి 21 దీవులను 1986లో ప్రభుత్వమువారు సముద్ర జాతీయవనముగ చేసినప్పటినుండి వీరి పనికి చిక్కు లేర్పడెను. పాచి మరల పెరుగుటకు వ్యవధి యుండవలెనని వీరే కూడబలుకుకొని నెలకు పండ్రెండు దినములు మాత్రమే తీయుదుమని నియమము చేసికొనిరి. చిన్నపాలమునకు చెందిన లక్ష్మీ మూర్తి యను నామె వారి తరపున నిలిచి మాటలాడినందులకు 2015లో సీకాలజీ యను విదేశ సంస్థ బహుమతి నిచ్చినది. ఇదంతయు గైడునకు తెలియును. అయినను మే మడుగనిదే చెప్పలేదు. అడిగిన యాత్రికులు లేరట.

శంఖముల దుకాణమునుగూర్చి రెండు మాటలు చాలును. అచ్చట ఇరువది నిమిషములు నలువది యయ్యెను, కారణము మీరూహింపగలరు. తొట్టిలో తేలు రాతిని సేతువునాటి రాయి యని చూపిరి. నిండ సన్నని రంధ్రములు గల రాతిలో గాలి నిలిచినపుడు అది తేలుట వింత కాదు. పగడపు చెట్ల ముక్కలను కొనరాదు, అమ్మరాదు. 2001 మొదలు అవి వన్యప్రాణి రక్షణ చట్టము క్రిందికి వచ్చినవి. మేము పిల్లలకు చిన్నశంఖములు రెండు కొని వెలుపలికి వచ్చితిమి.

ఎండ నడినెత్తికి వచ్చునప్పటికి ధనుష్కోటి దారి పట్టితిమి. త్రోవలో ఇసుకనడుమ కోదండరామాలయము, విభీషణుడు శరణు చొచ్చిన తావని చెప్పుదురు. ఆవల నేల సన్నగిలి సన్నగిలి ఒక యిసుకపట్టెయై పోవును. దానిమీద 2017లో వేసిన తిన్నని బాట. ఎడమచేతివైపు బంగాళాఖాతపు నీరు, కుడిచేతివైపు మన్నారు సింధుశాఖ. ఎడమవైపున నీరు చెరువువలె కదలక పచ్చగా నుండెను. కుడివైపున నీలపు టలలు విరిగి పడుచుండెను. గైడు వెనుకకు తిరిగి, "అమ్మా, ఎడమది ఆడ సముద్రము, కుడిది మగ సముద్రము. ఆడది శాంతము, మగవాడికి కోపము" అనగా వ్యానులోని మగవారందరును నవ్విరి. హైదరాబాదు పెండ్లికూతురు తన పెనిమిటి మొగము చూచినది. మేమును నవ్వితిమి గాని, సముద్రమునకు సైతము ఓర్పును మనకే అంటగట్టినారు గదా అని మనసున తోచెను.

పాడుపడిన పట్టణమువద్ద దిగితిమి. ఇది యొకప్పుడు రేవు. 1914లో వంతెన పడినది మొదలు మద్రాసునుండి రైలు ఇచ్చటికే వచ్చెడిది. ప్రయాణికులు రైలు దిగి ఓడ యెక్కి సింహళద్వీపమున తలైమన్నారునకు పోయెడివారు. తపాలా కచేరి, సుంకపు కచేరి, బడి, చర్చి, సత్రములు అన్నియు నుండెను. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి, ధనుర్మాసపు చలిలో, తుపాను వచ్చి సముద్రము పట్టణముపై పడెను. పాంబనునుండి బయలుదేరిన చివరి రైలు ధనుష్కోటి పొలిమేరలో అల తగిలి నూరుమందికి పైగా గల ప్రయాణికులతో మునిగిపోయెను. అందొక్కరును మిగులలేదు. ఆ తుపానులో మొత్తము పదునెనిమిది వందల మందివరకు పోయిరని సాధారణముగా చెప్పుదురు. మన సావిత్రియు జెమినీ గణేశనును ఆ రాత్రి రామేశ్వరముననే యుండి బ్రతికి బయటపడిరి. విరిగిన పాంబను వంతెనను శ్రీధరన్ గారను ఇంజనీరు 46 దినములలో మరల నిలబెట్టిరి. ధనుష్కోటిని మాత్రము నివాసయోగ్యము కాదని ప్రభుత్వమువారు ప్రకటించి విడిచిరి.

ఈ వృత్తాంతమంతయు గైడు గ్రుక్క తిప్పుకొనక చెప్పెను. ఎక్కడ గొంతు తగ్గించవలెనో, ఎక్కడ చేయి చాచి మొండిగోడలు చూపవలెనో వానికి కంఠపాఠము. ముగించి, "ఇరవై నిమిషాలు. ఫొటోలు తీసుకోండి" అనెను. అందరును చర్చి గోడలవైపు పోయిరి.

అత్తగారు పోలేదు. దారి ప్రక్కన తాటాకు గుడిసెలకు ఇవతల ఇసుకలో ఒక స్త్రీ వంగి యుండుట ఆమె చూచిరి. అచ్చట ఊరు లేదని లెక్కయేగాని, చేపలు పట్టువారు తిరిగి వచ్చి గుడిసెలు వేసికొని యున్నారు. వారి పిల్లలకు ప్రభుత్వ పాఠశాలయు నొకటి కలదు. ఆమె ముందర మూడడుగుల లోతు గుంట. చేత కొబ్బరిచిప్ప. ప్రక్కన ప్లాస్టిక్కు బిందె. చూడగానే అత్తగారు, "ఓసి, ఇది చెలమే" అని, మోకాళ్ల నొప్పి మరచి ఆ గుంట ప్రక్కన చతికిలబడిరి.

ఆమెకు తెలుగు రాదు, అత్తగారికి అరవము రాదు. రాకపోయిన నేమి? ఊరిన నీటిలో మొదటి రెండు చిప్పలు మడ్డిగా నుండగా ఆమె పారబోసెను. అత్తగారు తల ఆడించి, "అంతే, పెన్నలోనూ అంతే" అనిరి. పిమ్మట నీరు తేరువరకు ఇద్దరును మాటలాడక కూర్చుండిరి. తేరిన నీటిని ఇసుక కదలకుండ చిప్ప ఏటవాలుగా ముంచి తీయుటలో నొక నేర్పు కలదు, మాకు చేతకాలేదు. అత్తగారు తీసికొనిరి. చిప్ప వెంట చిప్ప బిందెలో పడుచుండెను. సగము నిండునప్పటికి ఊట తగ్గెను. పెన్నలో నైనచో అట్టి వేళ ఇంకొక మూర త్రవ్వుదురు. అలవాటు చొప్పున అత్తగారు చిప్పతో అడుగు తవ్వబోయిరి. తటాలున ఆమె అత్తగారి మణికట్టు పట్టుకొని, "ఉప్పు, ఉప్పు" అనెను.

ఉప్పునకు వారి మాటయు మన మాటయు నొక్కటియే. అత్తగారు వెంటనే చేయి తీసిరి.

ఈ సంగతి మావారు తరువాత మాకు విప్పి చెప్పిరి. వానలో పడిన నీరు ఇసుకలో నింకి క్రింద నున్న సముద్రపు నీటిపై తేలియుండునట. ఉప్పునీటికంటె మంచినీరు నూటికి రెండున్నర పాళ్లు తేలిక. పాలపై మీగడవలె నున్న ఆ పలుచని పొరను మెల్లగా తీసికొన్నంతకాలము అది త్రాగునీరు. తొందరపడి లోతు త్రవ్వినను, ఒక్కమారుగా తోడినను క్రిందియుప్పు పైకి లేచి చెలమ చెడిపోవును. విల్లూండి బావికిని, ఆలయములోని తీర్థములకును ఆధారమిదియే. పుస్తకము చదివి మావారు చెప్పిన దానిని ఆమె ఒక్క చేతిపట్టుతో చెప్పెను.

ఇంతలో ఇరువది నిమిషములు తీరెను. వ్యాను కూత పెట్టెను. ఎండలో కూర్చున్న తోటివారు విసుగుకొనిరి. వారి తప్పును కాదు. గైడు పరుగున వచ్చి, "అమ్మా, టైమయింది" అనెను. అత్తగారు తలయెత్తక, "బిందె నిండనీవయ్యా. మొదలుపెట్టిన చేత్తో విడిచిపోతానా? నీకు రెండు భాషలు వచ్చుగదా, కూర్చో. ఈమెను అడుగు, రోజుకు ఎన్ని బిందెలు?" అనిరి. వాడు కూర్చుండక తప్పలేదు. ఉదయము రెండు, సాయంకాలము రెండు. ఒక్కొక్క బిందెకు అరగంట. కరెంటు లేదు; ఎండతో వెలుగు పలకల దీపము ఒకటి కలదు. భర్త నాటుపడవ మీద పోవును. "ఈ ఆడ సముద్రము శాంతమేనా?" అని మేము నవ్వుచు అడిగించితిమి. ఆమె నవ్వలేదు. "మార్గళిలో వచ్చి చూడమను" అనెను. మార్గళి యనగా మన ధనుర్మాసము. వేసవిలో గాలి దక్షిణపువైపునుండి వీచును గాన కుడివైపు సముద్రము పొంగునట. చలికాలమున గాలి మారి ఎడమవైపుది పొంగును. అప్పుడు పడవలను ఇటునుండి అటు చేర్చుకొందురు. ఆరు నెలల శాంతమును చూచి యాత్రికులు ఏడాది పొడుగునకు పేరు పెట్టి పోవుదురు.

తరువాత ఆమె గైడును చూపి ఏమో అనెను. వాడు తెలుగు చేయలేదు. అత్తగారు రెండుమార్లు అడిగిరి. అప్పుడు వాడు ఇసుకవైపు చూచుచు, "నేను ఈ ఊరి మనవడినే అంటున్నదమ్మా. మా తాత ఇక్కడ స్టేషనులో మూటలు మోసేవాడు. ఆ రాత్రి పనికి పోయినాడు, రాలేదు. అవ్వ మా అమ్మను ఎత్తుకొని దిబ్బమీద తెల్లవారిందాకా నిలిచింది. అమ్మకు అప్పుడు నాలుగేండ్లు" అనెను. ఇది మాకు ఏల చెప్పలేదని మేము అడిగితిమి. "రోజుకు రెండుసార్లు ఈ కథ చెప్పాలమ్మా. తాతను కలిపితే చెప్పలేను."

బిందె నిండువరకు వాడు మరల గడియారము చూడలేదు. నిండిన బిందెను తానే యెత్తి గుడిసెవద్ద దించి వచ్చెను.

అరిచల్ మునై యనునది భూమికొన. బాట అచ్చట గుండ్రముగా తిరిగి ముగియును. నడుమ నశోకస్తంభము, ముందర రెండు సముద్రములు ఒకదానిపై నొకటి వచ్చి పడుచుండును. ఆవల ఇసుకతిన్నెలు వరుసగా సింహళమువైపు పోవును. అదే మన రామసేతువు. తలైమన్నారు సుమారు 30 కిలోమీటర్లు. మా నాయనగారు మాకు యుద్ధకాండము చెప్పునపుడు నలుడు సేతువు కట్టిన లెక్కను పలకమీద వ్రాయించి కూడించినది జ్ఞాపకము వచ్చెను: తొలినాడు 14 యోజనములు, పిదప 20, 21, 22, ఐదవనాడు 23, కూడిన నూరు. రోజురోజునకు పని పెరిగినదే గాని తగ్గలేదు చూడుమని ఆయన అనెడివారు. అత్తగారు ప్రయాగకు చేర్పవలసిన సేతుసైకతమును పిడికెడు కొంగున ముడిచికొనిరి. ఈమారు ఎవరును వేళ మించినదని అనలేదు; గైడు దూరముగా నిలిచి యుండెను.

పోదలచిన వారికి ఒకటి రెండు మాటలు. ధనుష్కోటిలో చీకటిపడకముందే యాత్రికులను వెనుకకు పంపివేయుదురు; కావున ప్రొద్దుటనే పోవుట మేలు. నీడ యుండదు. త్రాగునీరు మనిషికి రెండు సీసాలు తక్కువగాకుండ రామేశ్వరమునుండియే తీసికొనిపోవలెను. గుడిసెలవారిని నీరడుగరాదు, అడిగిన ఇత్తురు, అందుచేతనే అడుగరాదు. ఖాళీ సీసాలు ఇసుకలో పారవేయక వెంట తెచ్చుకొనవలెను. మేము పోయినప్పుడు ఒక పిల్ల అట్టివి ఏరి సంచిలో నింపుచుండెను.

తిరిగి వచ్చునపుడు గైడు అడుగకయే ఆ గుడిసెలవద్ద బండి మెల్లగా పోనిచ్చెను. ఆమె లేదు. చెలమమీద తాటాకు కప్పి, గాలికి లేచిపోకుండ నాలుగు ప్రక్కల విరిగిన గోడరాళ్లు పెట్టియుండిరి. సాయంకాలపు బిందెలకు ఊట ఊరుచుండును గాబోలు.